విపత్తు సన్నద్ధతలో యువత: పని, అధికారం, హద్దు

అందరికీ నమస్కారం.

ముందు వరుసల్లో విపత్తు సన్నద్ధత కమిటీల పెద్దలు, ఉపాధ్యాయులు కూర్చున్నారు. వెనక వరుసల్లో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లు కూర్చున్నారు. నేను చెప్పబోయే సమస్య ఈ కూర్చున్న తీరులోనే సగం కనిపిస్తోంది. "కుర్రకారు రారండీ, వచ్చినా నిలవరు" అని ముందు వరుసల వాళ్లు తరచూ అంటుంటారు. ఎందుకు నిలవాలి చెప్పండి? మనం వాళ్లను పిలిచేది కుర్చీలు సర్దడానికి, బ్యానరు పట్టుకోవడానికి, టోపీలు పెట్టుకుని ఫొటోలో నిలబడటానికి. రెండుసార్లు మొహమాటానికి వస్తారు. మూడోసారి మానేస్తారు. నన్నడిగితే మానేయడమే తెలివైన పని.

వాళ్లు నిలబడాలంటే చేతికి నిజమైన పని ఇవ్వాలి. ఆ పనికి సంబంధించి నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వాలి. ఎక్కడ ఆగిపోవాలో హద్దు గీసి చూపాలి. పని ఇచ్చి అధికారం ఇవ్వకపోతే విసుగొచ్చి వెళ్లిపోతారు. ఆ రెండూ ఇచ్చి హద్దు చెప్పకపోతే ప్రాణాల మీదకు తెచ్చుకుంటారు. ఇది భయపెట్టడానికి అంటున్న మాట కాదు. 1985 సెప్టెంబరులో మెక్సికో సిటీని భూకంపం కూల్చినప్పుడు, ఏ శిక్షణా లేని మామూలు జనం శిథిలాల్లోంచి 800 మందికి పైగా బయటికి లాగారు. ఆ ప్రయత్నంలో 100 మందికి పైగా వాళ్లే చనిపోయారు. మంచి మనసుంది, కండబలం ఉంది, ఏ గోడ కింద దూరకూడదో చెప్పిన మనిషే లేడు. అదే ఏడాది లాస్ ఏంజలెస్ నగర అగ్నిమాపక శాఖ మామూలు పౌరులకు పద్ధతి ప్రకారం శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవాళ అనేక దేశాల్లో పౌర స్పందన బృందాలు ఆ నమూనాలోనే నడుస్తున్నాయి.

ముందు అధికారం సంగతి మాట్లాడతాను. పెద్దలకు మింగుడుపడనిది అదే కాబట్టి.

2011 మార్చి 11 మధ్యాహ్నం జపాన్ తీరంలో భూకంపం, దాని వెనకే సునామీ వచ్చాయి. కమైషి అనే ఊళ్లో ఒక హైస్కూలు, దాని పక్కనే చిన్నపిల్లల బడి ఉన్నాయి. హైస్కూలు పిల్లలు ఎవరి ఆదేశం కోసమూ చూడకుండా కొండవైపు పరుగెత్తారు. అప్పటికే పై అంతస్తుకు చేరుతున్న చిన్నపిల్లలు వాళ్లను చూసి తామూ బయల్దేరారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకున్నారు. ముందే అనుకున్న చోటికి చేరాక, వెనక కొండచరియ విరిగిపడటం కనిపించింది. ఇక్కడ ఉండటం మంచిది కాదని ఇంకా పైకి వెళ్లారు. వాళ్లు వదిలిన చోటు తర్వాత మునిగిపోయింది. ఆ పట్టణంలో 1,000 మందికి పైగా చనిపోయారు, కానీ దాదాపు 3,000 మంది బడిపిల్లల్లో 99 శాతానికి మించి బతికారు. ఆ బడి ప్రమాద పటంలో మునిగే ప్రాంతానికి బయటే ఉంది! అయినా ఎందుకు పరుగెత్తారంటే, తోషితక కతడ అనే ప్రొఫెసరు ఏళ్ల తరబడి ఆ పిల్లలకు మూడు సంగతులు నేర్పారు. పటాన్ని గుడ్డిగా నమ్మకండి, ఆ క్షణంలో చేయగలిగినంతా చేయండి, అందరికంటే ముందు మీరు కదలండి. మూడోది వినడానికి స్వార్థంలా ఉంటుంది. నిజానికి ఒకరు కదిలితేనే పక్కవాళ్లు కదులుతారు. ఇంటి ముందు నిలబడి ఎదురింటివాళ్లు ఏం చేస్తున్నారో చూసే జనానికి, పరుగెత్తే పిల్లలకు మించిన సైరను లేదు.

అదే రోజు, అదే సముద్రం. ఇషినోమాకి దగ్గర ఒకావా ప్రాథమిక పాఠశాలలో పిల్లల్ని మైదానంలో నిలబెట్టి, ఎక్కడికి వెళ్లాలా అని పెద్దలు తర్జనభర్జన పడుతుండగా దాదాపు 50 నిమిషాలు గడిచిపోయాయి. బడి వెనకే కొండ ఉంది. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు చనిపోయారు. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు వేసిన కేసు పైకోర్టు దాకా వెళ్లింది. ప్రమాదం రాకముందు చేయాల్సిన సన్నద్ధతలోనే లోపం ఉందని 2018లో తీర్పు వచ్చింది, మరుసటి ఏడాది అదే ఖాయమైంది. వాళ్ల ప్రణాళికలో, సునామీ వస్తే వెళ్లాల్సిన చోటు ఫలానా అని తేల్చి రాయలేదు. ఖాళీ స్థలం, పార్కు లాంటి మాటలే ఉన్నాయి.

మీ మీ ప్రణాళికలు ఇంటికి వెళ్లాక తీసి చూడండి. "సురక్షిత ప్రాంతానికి తరలించాలి" అని ఉందా? అయితే అక్కడ ఏమీ రాయనట్టే. ఏ భవనం, ఏ దారి, ఆ దారి మూసుకుపోతే రెండోది ఏది, కదలమని చెప్పే మనిషి ఎవరు, ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఎవరు? ఈ చివరి గడిలో 19 ఏళ్ల అమ్మాయి పేరు రాయగలరా? రాయగలిగితే మీరు అధికారం ఇచ్చినట్టు.

ఇక పని. మొదటి పని ఎప్పుడూ ఊళ్లోని ప్రమాదాల పటం గీయడమే. దీన్ని కుర్రాళ్లకు పూర్తిగా వదిలేయొచ్చు, తప్పు జరిగినా దిద్దుకోవచ్చు, చేస్తున్నకొద్దీ ఊరు వాళ్లకు కొత్తగా తెలుస్తుంది.

ముగ్గురేసి జట్లు చేయండి. ఒకరు అడుగుతారు, ఒకరు కొలుస్తారు, ఒకరు రాస్తారు. 5 మీటర్ల టేపు, అట్ట, పెన్సిలు చాలు. పెన్ను వద్దు, కాగితం తడిస్తే సిరా కారిపోతుంది. ఒక పూటకు ఒక జట్టుకు 40 ఇళ్లకు మించి అప్పగించకండి. మించితే చివరి 10 ఇళ్ల వివరాలు అరుగు మీద కూర్చుని ఊహించి రాసేస్తారు. వాళ్లు బద్ధకస్తులై కాదు, ఎండ అలాంటిది. ప్రతి జట్టు వెంటా అందరికీ తెలిసిన పెద్దమనిషి ఒకరుండాలి. ఆయన పని తలుపు తెరిపించడం వరకే, ప్రశ్నలు అడిగేది పిల్లలు.

"వరదొచ్చినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" అని అడిగితే "అబ్బో, చాలా వచ్చాయి" అంటారు. దాంతో పటం గీయలేం. ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను గోడ దగ్గరికి తీసుకెళ్లి, "తాతా, చెయ్యి పెట్టి చూపించండి" అనాలి. చెయ్యి పెట్టిన చోటి నుంచి నేల వరకు టేపుతో కొలవాలి. పక్కపక్క మూడిళ్లలో అడగాలి. 30 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే నాలుగో ఇల్లు కూడా అడగాలి. నిలిచిపోయిన వరద నీటి మట్టం ఒక వీధిలో దాదాపు సమానంగా ఉంటుంది. అందుకే ఒక ఇంటి గోడ మీద గుర్తు 40 సెంటీమీటర్ల దగ్గర, ఇంకో ఇంటి గోడ మీద 110 దగ్గర ఉంటే, రెండో ఇంటి ముందు నేల 70 సెంటీమీటర్లు పల్లమన్నమాట. సర్వే పరికరం లేకుండానే ఏ దారి ముందు మునుగుతుందో తెలిసిపోయింది. ఒక్క జాగ్రత్త: ఈ లెక్క నిలిచిన నీటికే పనికొస్తుంది, వాలులో పారే నీటికి కుదరదు. రెండు వేర్వేరు వరదల గుర్తుల్ని కలిపేసినా లెక్క తప్పుతుంది. ఏ ఏడాది వరదో పక్కనే రాయాలి.

దారిలో కనిపించినవన్నీ పటంలోకి రావాలి. పూడిపోయిన కల్వర్టు, మూతలేని మ్యాన్‌హోలు, వాలిన స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు, పగిలిన ప్రహరీ, గ్యాసు సిలిండర్ల గోడౌను, రసాయనాలు దాచే షెడ్డు, చేతి పంపులు, పక్కా మేడలు. పగలు తిరిగాక అదే దారిలో ఒకసారి రాత్రి టార్చి పట్టుకుని తిరగాలి. పగలు దారిగా రాసుకున్నది చీకట్లో దారి కాదని రెండు మూడు చోట్ల బయటపడుతుంది. రాత్రి తాళం పడే గేటు పగలు తిరిగితే ఎవరికీ గుర్తుకు రాదు.

ప్రతి ఇంటికీ రెండు గడులు పెట్టండి. పగలు 11 గంటలకు ఇంట్లో ఎవరుంటారు, అర్ధరాత్రి 2 గంటలకు ఎవరుంటారు? పగలు భూకంపమొస్తే ఆ ఇంట్లో 80 ఏళ్ల ముసలమ్మ, రెండేళ్ల మనవడు తప్ప ఎవరూ ఉండరు. ఈ రెండు గడులు లేని జాబితా ఎంత వివరంగా ఉన్నా పనికిరాదు. మంచాన పడ్డవాళ్లు, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, చల్లగా ఉంచాల్సిన ఇన్సులిన్ వాడేవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, వినిపించనివాళ్లు, ఒంటరిగా ఉండే వృద్ధులు, అందరి వివరాలూ కావాలి.

ఈ జాబితాను మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఏ ఇంట్లో ముసలావిడ ఒంటరిగా ఉంటుందో, ఏ ఇంట్లో పగలు ఎవరూ ఉండరో దొంగకు మనమే పట్టిక తయారుచేసి ఇచ్చినట్టవుతుంది. గోడకు తగిలించే పటంలో రంగు చుక్క, ఇంటి నంబరు ఉంటే చాలు. పేర్లు, జబ్బులు ఉన్న పుస్తకం ఇద్దరి దగ్గరే ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే వీధిలో ఉండకూడదు. పటానికి మూడు ప్రతులు తీసి లామినేట్ చేయించి మూడు చోట్ల తగిలించండి. ఫోనులో ఉన్న పటం ఫోను ఛార్జింగ్ ఉన్నంతసేపే. ఆరు నెలలకోసారి మార్పులు వేయాలి. ఇల్లు మారినవాళ్లు, పుట్టినవాళ్లు, పోయినవాళ్లు ఉంటారు కదా.

పటం తర్వాత హెచ్చరిక చేరవేయడం. పైనుంచి వచ్చే హెచ్చరికలు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. చివరి 200 మీటర్లలోనే ఆగిపోతున్నాయి. కరెంటు పోయిన కొన్ని గంటలకు సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతాయి, గ్రూపులు మూగబోతాయి. అప్పుడు కాళ్లే దిక్కు. 10 ఇళ్లకు ఒక బాధ్యుడు, ఒక బదులు మనిషి. 100 ఇళ్లకు 10 మంది, వాళ్లకు 10 మంది బదులు. ఇంత మందా అంటారేమో. కాలేజీకి, పనికి, అమ్మమ్మ ఊరికి పోయినవాళ్లను తీసేసి చూడండి, అవసరమైనప్పుడు అందులో సగం కూడా చేతికి రారు.

హెచ్చరికలో ఐదు సంగతులుండాలి. ఏం వస్తోంది, ఎక్కడికి వస్తోంది, ఎప్పటికి, మీరేం చేయాలి, ఈ మాట చెబుతున్నది ఎవరు. "జాగ్రత్తగా ఉండండి, అప్రమత్తంగా ఉండండి" అనేవి హెచ్చరికలు కావు. "ఈ సాయంత్రం 6 గంటల లోపు కింది వీధివాళ్లంతా బడి మేడ మీదికి చేరాలి, మందులు, కాగితాలు, తాగునీళ్లు తెచ్చుకోండి, పశువుల తాళ్లు విప్పేయండి" అని చెప్పాలి. మెగాఫోను పట్టుకున్నవాళ్లు నడుస్తూ మాట్లాడకూడదు. ఆగాలి, చిన్న వాక్యం చెప్పాలి, రెండోసారి అదే మాట మార్చకుండా చెప్పాలి, అప్పుడు కదలాలి. మాట మారిస్తే రెండు వేర్వేరు హెచ్చరికలు అనుకుంటారు. మెగాఫోనులో బ్యాటరీలు వేసి బీరువాలో పెట్టేయకండి. ఆరు నెలలకు అవి కారిపోయి లోపలి రేకులు తుప్పు పడతాయి. కావాల్సిన రోజున గట్టిగా అరిచేవాడే గతి. బ్యాటరీలు విడిగా, దాని సంచిలోనే ఉంచాలి.

వాకీటాకీలు ఉంటే, వాటికి అనుమతి తీసుకున్నాకే వాడండి. బటన్ నొక్కాక ఒక సెకను ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. "వెళ్లొద్దు" అన్నది సగం వినబడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అందుకే విన్నవాళ్లు విన్నది తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పేవరకు సమాచారం చేరినట్టు కాదు.

పుకార్ల విషయంలో ఒకే నియమం పెట్టండి. తేదీ, సమయం, పంపిన సంస్థ పేరు లేని సందేశాన్ని ఎవరూ ముందుకు పంపకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు పంపినా సరే. ఈ విషయంలో పిల్లలే పెద్దలకు నేర్పగలరు, ఆ మాట ఒప్పుకుందాం.

అమ్మాయిల ప్రస్తావన ఇక్కడే తేవాలి. 1970లో ఇప్పటి బంగ్లాదేశ్ తీరాన్ని తుడిచిపెట్టిన తుపానులో మూడు లక్షల మందికి తక్కువ కాకుండా చనిపోయారు. ఆ దెబ్బతో 1972లో అక్కడ తుపాను సన్నద్ధతా కార్యక్రమం మొదలైంది. మెగాఫోను, చేతి సైరను, జెండాలు పట్టుకున్న స్థానిక వాలంటీర్లే దానికి ప్రాణం. ఇప్పుడు వాళ్లు 70,000 మందికి పైనే, అందులో సగం మంది స్త్రీలు. మొదట్లో అలా లేదు. 1991 తుపానులో దాదాపు 1,40,000 మంది చనిపోతే, మగవాళ్లకంటే ఆడవాళ్లు చాలా ఎక్కువగా పోయారు. ఇంటి మగవాడు లేకుండా గడప దాటలేక ఆగిపోయినవాళ్లున్నారు, ఆశ్రయ కేంద్రంలో ఆడవాళ్లకు విడిగా చోటు లేదని వెళ్లనివాళ్లున్నారు. తలుపు దగ్గరికి ఆడమనిషి వెళ్లి చెబితే లోపల్నుంచి మాట వినే తీరే వేరు. అబ్బాయిలకు తాడు, అమ్మాయిలకు కట్టుగుడ్డ అని పంచేయకండి. ఇద్దరూ రెండూ నేర్చుకోవాలి. చక్రాల కుర్చీలో ఉన్న కుర్రాడు బృందంలో ఉంటే దారులు పరీక్షించే పని అతనికే ఇవ్వండి. మిగతావాళ్లకు కనిపించని మెట్టు అతనికి కనిపిస్తుంది.

ఇక శిక్షణ. శిబిరాల్లో మూడు రోజులు ఇరవై అంశాలు చెప్పేస్తారు, నెల తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండదు. నాలుగు చాలు, చేతికి అలవాటయ్యేదాకా చేయించండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి రెండు చేతులతో బలంగా నొక్కి పట్టాలి. అందరూ చేసే తప్పు ఆగిందా లేదా అని మధ్యమధ్యలో ఎత్తి చూడటం. అలా చూస్తే అప్పుడే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. గుడ్డ తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకోటి వేసి నొక్కాలి. చెయ్యి లేదా కాలు నుంచి నొక్కినా ఆగనంతగా కారుతుంటేనే టోర్నికెట్, అంటే రక్తం ఆగేలా చుట్టూ బిగించే పట్టీ. గాయానికి 5 నుంచి 8 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా బిగించి, బిగించిన సమయం రాయాలి. ఆ తర్వాత డాక్టరు తప్ప ఎవరూ వదులు చేయకూడదు. సన్నని తాడు, తీగ వాడితే చర్మం కోసుకుపోతుంది గానీ రక్తం ఆగదు. వెడల్పాటి పట్టీ కావాలి.

సీపీఆర్ అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం. అందులో పెద్దవాళ్లకు ఛాతీ మధ్యన 5 సెంటీమీటర్లు లోపలికి వెళ్లేలా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతి నొక్కుకూ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. అలసిపోయినవాళ్లకు తాము అలసిపోయామని తెలియదు, లోతు తగ్గిపోతుంది. ఇది బొమ్మ మీద చేసి నేర్చుకోవాల్సిందే, బోర్డు మీద బొమ్మగీస్తే రాదు. కొన్ని నెలల్లోనే మరిచిపోతారు కాబట్టి మూడు నెలలకోసారి 20 నిమిషాలు కేటాయించండి. ఏడాదికోసారి పెట్టే రోజంతా శిబిరం కంటే ఇది నయం.

తాగునీటికి సువాసనలు, రంగులు కలపని 5 శాతం క్లోరిన్ ద్రావణం అయితే లీటరుకు 2 చుక్కలు, 20 లీటర్ల బిందెకు 2 మిల్లీలీటర్లు. కలిపి 30 నిమిషాలు ఉంచాలి. కొద్దిగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే అంతే మోతాదు మళ్లీ వేసి ఇంకో 15 నిమిషాలు ఆగాలి. మురికి నీళ్లయితే ముందు నాలుగు మడతల గుడ్డతో వడకట్టి, మోతాదు రెట్టింపు చేయాలి. పాతబడిన సీసాలో బలం తగ్గిపోతుంది, సీసా మీద కొన్న తేదీ రాయండి. విరేచనాల వాళ్లకు ఓఆర్ఎస్ పొట్లాలు దొరక్కపోతే, లీటరు శుభ్రమైన నీటికి 6 సమతలపు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి కుప్పగా కాదు, గీసి వేయాలి.

మంటలార్పే సిలిండరు సంగతి తొందరగా చెప్పేస్తాను. పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. వీపు ఎప్పుడూ తలుపు వైపు ఉండాలి. మామూలు సిలిండరు కొన్ని సెకన్లకే ఖాళీ అవుతుంది. మంట మనిషి ఎత్తు దాటితే సిలిండరు వదిలేసి బయటికి రావడమే.

ఇప్పుడు హద్దు. దీన్ని కాగితం మీద రాసి, ప్రతి ఒక్కరితో చదివించి, సంతకం పెట్టించండి. 18 ఏళ్ల లోపు వాళ్లకు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ప్రమాద సమయంలో వాళ్లకు రోడ్ల మీద పని లేదు. ఆశ్రయ కేంద్రంలో పేర్లు రాయడం, పిల్లల్ని ఆడించడం, ఫోన్లకు ఛార్జింగ్ వంతులు చూడటం లాంటివే ఇవ్వాలి. పారే నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. 15 సెంటీమీటర్ల వేగమైన ప్రవాహం పెద్దమనిషిని పడేయగలదు, 30 సెంటీమీటర్లు చిన్న కారును లాక్కెళ్లగలదు, 60 దాటితే పెద్ద వాహనాలు కూడా ఆగవు. ఈదగలనన్న ధీమా ఉన్నవాడే ముందు పోతాడు, ఎందుకంటే వాడే దిగుతాడు. నీళ్లలో ఉన్న మనిషికి గట్టు మీద నుంచి కర్ర అందించాలి, అందకపోతే తేలే తాడు విసరాలి. తాడు 15 నుంచి 20 మీటర్లుండాలి, విసిరేవాళ్లు తాడు చివర తమ నడుముకు కట్టుకోకూడదు. ఈ సంగతి ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి, కట్టుకుంటే ఇద్దరూ పోతారు. తెగిపడిన కరెంటు తీగకు కనీసం 10 మీటర్లు దూరం, విద్యుత్ శాఖ మనిషి సరఫరా ఆపామని చెప్పేవరకు తీగ చచ్చిపోయిందని అనుకోకూడదు. కూలిన కట్టడంలోకి వెళ్లకూడదు. శవాలను ముట్టుకోవడం, మోయడం పిల్లల పని కాదు. ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు, ఇద్దరేసి వెళ్లాలి. ఆరు గంటలకు మించి వరుసగా పని చేయకూడదు. చేస్తామంటారు, మీరే పంపేయాలి.

డ్రిల్లు గురించి చెప్పకపోతే ఇదంతా గాల్లో మాటే. మనం చేసే డ్రిల్లు చాలావరకు నాటకం. వారం ముందే తేదీ చెబుతారు, అందరూ చెప్పులేసుకుని సిద్ధంగా ఉంటారు, గంట కొట్టగానే మైదానానికి చేరతారు, ముఖ్య అతిథి మాట్లాడతారు, టీలు తాగుతారు. అందులో ఏమీ విఫలం కాలేదు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. మొదటిసారికి ఇది సరే. రెండోసారికి ఒక దారి మూసేయండి, అడ్డంగా తాడు కట్టి "ఇక్కడ స్తంభం కూలింది" అని అట్ట తగిలించండి. మూడోసారికి బృంద నాయకుణ్ని "గాయపడ్డాడు" అని పక్కన కూర్చోబెట్టండి. అప్పుడు బదులు మనిషి ఏం చేస్తారో చూడండి. ఆ తర్వాత ఫోన్లన్నీ ఒక పెట్టెలో పెట్టించి చేయండి. చీకట్లో చేసేది చివరిది, పెద్దల తోడుతోనే. గర్భిణులను, గుండెజబ్బు వాళ్లను భయపెట్టే ఆకస్మిక డ్రిల్లు వద్దు. ఈ వారంలో ఏదో ఒక రోజు జరుగుతుందని అందరికీ చెప్పండి, గంట మాత్రం చెప్పకండి.

కొలవాల్సినవి మూడు. హెచ్చరిక బయల్దేరిన నిమిషం నుంచి చివరి ఇంటికి చేరడానికి ఎంతసేపు పట్టింది? మంచాన ఉన్న మనిషిని మోసుకెళ్లడానికి ఎంతసేపు, ఎంతమంది కావాల్సి వచ్చారు? లెక్కపెట్టిన తలలు, జాబితాలో ఉన్న పేర్లు కలిశాయా? ఈ మూడోదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. మైదానం నిండుగా కనిపిస్తే అందరూ వచ్చారనిపిస్తుంది. రానివాళ్లు కనిపించరు కదా, పేర్లు పిలిస్తేనే తెలుస్తుంది.

డ్రిల్లు అయిన 15 నిమిషాల్లోపు, అక్కడే నిలబడి మాట్లాడుకోవాలి. అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు దానికే తలూపుతారు, చూసింది చెప్పరు. ఏది ఆలస్యమైంది, ఎందుకు, ఎవరు ఎప్పటిలోగా సరిచేస్తారు అని రాయండి. "ఎవరి తప్పు" అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. ఆ ప్రశ్న వచ్చిన రోజు నుంచి పిల్లలు నిజం దాస్తారు.

నిలబెట్టుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పి ఆపుతాను. కమిటీలో ఓటు ఉన్న స్థానాలు కనీసం రెండు యువతకివ్వండి. ఒక్కటిస్తే ఆ ఒక్కరూ నోరు విప్పరు. సమావేశాలు తరగతుల వేళ పెట్టకండి. తాడు, బ్యాటరీలు, కట్టుగుడ్డలు కొనడానికి చిన్న మొత్తం వాళ్ల చేతికే ఇచ్చి లెక్కలు వాళ్లతోనే రాయించండి. ప్రతి బాధ్యతకూ ఏడాది రెండేళ్లు చిన్నవాళ్లను బదులుగా పెట్టండి. చదువులకు, ఉద్యోగాలకు ఊరు వదిలి వెళ్తారు, అది నేరం కాదు. వెళ్లేలోపు తాళం చెవి ఇంకొకరికి అందాలి, అంతే. ప్రమాదం జరిగిన తర్వాత రెండు మూడు వారాలు వాళ్లను గమనించండి. నిద్ర పట్టకపోవడం, మాట తగ్గిపోవడం, అకారణంగా విసుక్కోవడం ఉంటే బృందం పని ఆపించి, ఎవరైనా దగ్గర కూర్చుని వినాలి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి.

ఇక ప్రశ్నలు తీసుకుందాం. మైకు వెనక వరుసలకు ఇవ్వండి ముందు.

(సభికుల్లో ఒక అమ్మాయి: సార్, పరీక్షల నెలల్లో మేం డ్యూటీ చేయలేం. ఆ నెలల్లోనే తుపానులొస్తే?)

మంచి ప్రశ్న. ఏడాది మొదట్లోనే గోడ మీద 12 నెలల పట్టిక వేయండి. ఒక గీత మీ ప్రాంతంలో ప్రమాదాలు వచ్చే నెలలకు, ఇంకో గీత పరీక్షలకు, మూడోది పొలం పనులకు, పెళ్లిళ్లకు. గీతలు ఒకదాని మీద ఒకటి పడిన నెలల్లో చదువు ముగిసినవాళ్లకు, పెద్దలకు బాధ్యత మార్చాలి. మార్పు ఆ నెల వచ్చాక కాదమ్మా, రెండు నెలల ముందే జరగాలి. కొత్తవాళ్లు ఒక్క డ్రిల్లయినా చేసి ఉండాలి కదా.

(ఒక కుర్రాడు: మా మాట కమిటీలో ఎవరూ వినరండీ. చిన్నపిల్లలు మీకేం తెలుసంటారు.)

వాదించొద్దు బాబూ, కాగితం పట్టుకెళ్లు. మీరు కొలిచిన అంకెలున్నాయి కదా. ఒకే పేజీ రాయండి. "ఫలానా కల్వర్టులో 60 సెంటీమీటర్ల మేర పూడిక ఉంది. దీని వల్ల పక్క 14 ఇళ్లకు బయటికి దారి ముందుగా మూసుకుపోతోంది. పూడిక తీయడానికి ఆరుగురు, ఒక పూట, ఒక బండి కావాలి. మనుషుల్ని మేం ఇస్తాం, బండి మీరివ్వండి, ఫలానా తేదీలోగా." ఇంతే. ఫిర్యాదు రాయకండి, ఒకే ఒక్క పని అడగండి. దాన్ని సమావేశపు మినిట్స్‌లో రాయమని అడిగి, రాశాక మీ ముందే చదివించుకోండి. బండి రాకపోతే తర్వాతి సమావేశంలో అదే కాగితం, కొత్త తేదీతో, ఈసారి ఆ 14 ఇళ్లవాళ్ల సంతకాలతో పెట్టండి.